క్లాసులు ఎగ్గొట్టే పిల్లలు, సంతకం పెట్టే తల్లులు
(మాదాపూర్ మహిళల సమావేశంలో ప్రసంగ పాఠం)



మా వీధిలో టిఫిన్ సెంటర్ నడిపే ఒక తల్లి ఈమధ్య నా దగ్గర కూర్చుని ఏడ్చింది. అమెరికాలో ఎమ్మెస్ చదివే కూతురు క్లాసులు ఎగ్గొట్టి హోటల్లో గిన్నెలు కడుగుతోందట. "చదువుకోమని పంపితే ఇదేం బుద్ధి?" అంది. ఫోన్లో ఆ పిల్లని అడిగాను. "అమ్మ సంతకం పెట్టిన అప్పుకి వడ్డీ ఎవరు కడతారాంటీ?" అంది. నాకు మాట రాలేదు.

ఆ పిల్ల ప్రమాదంలో ఉంది. చెప్పకుండా క్లాసులు మానేస్తే వీసా రద్దు కావచ్చని 2025 మేలో అమెరికా రాయబార కార్యాలయం హెచ్చరించింది. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేయడమూ నిబంధనలకు విరుద్ధమే. అనుకోని ఆర్థిక ఇబ్బంది వస్తే, ఏడాది చదివాక, పనికి అనుమతి అడిగే వీలుంది. ఆ సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

తప్పంతా పిల్లలదేనా? 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన విద్యార్థులు కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో మిషిగన్‌లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీలో ఎగ్గొట్టడానికి అసలు క్లాసులే లేవు. దాన్ని నడిపింది అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారులే. విద్యార్థులు తెలిసే చేరారని ప్రభుత్వం వాదించింది. కొందరికి తెలిసే ఉండొచ్చు. కమీషన్ తీసుకుని వాళ్లను చేర్పించిన దళారుల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

అమీర్‌పేట నుంచి గచ్చిబౌలి దాకా కన్సల్టెన్సీ బోర్డులు చూడండి. అప్పు మాట ఎక్కడా కనబడదు. సంతకం పెట్టే తల్లికి ఆ కాగితంలో ఏముందో తెలుగులో తెలుసుకునే హక్కుంది. పొదుపు సంఘాల పుస్తకాలు దగ్గర కూర్చోబెట్టి చదివించినట్టే, మనం ఈ కాగితాలూ చదివించాలి. ఆ పని ఈ బస్తీ నుంచే మొదలుపెడదాం.