ఈఎంఐ లెక్క ఎందుకు తప్పింది? బ్రౌజర్‌లో గణిత సూత్రాల కథ

ఈరోజు టాపిక్ చూడ్డానికి చిన్నదే. కానీ దీనివల్ల నేను ఒక రోజంతా తల పట్టుకుని కూర్చున్నాను.

ఒక లోన్ కాలిక్యులేటర్‌కి నేను డాక్యుమెంటేషన్ రాశాను. అందులో ఈఎంఐ సూత్రం ఉంది. బ్రాకెట్‌లో ఒకటి ప్లస్ ఆర్, దాని నెత్తిన చిన్నగా ఎన్. అంటే ఎన్ ఘాతం అన్నమాట. పేజీలో చక్కగానే కనిపించింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు దాన్ని కాపీ చేసి ఎడిటర్‌లో పేస్ట్ చేశాడు. పైనున్న ఎన్ కాస్తా కిందికి దిగి పక్కన కూర్చుంది. తను గుణకారం అనుకుని కోడ్ రాసేశాడు.

తేడా చూడండి. లక్ష రూపాయల అప్పు, నెలకు 1 శాతం వడ్డీ, 12 నెలలు. రావాల్సిన ఈఎంఐ దాదాపు 8,885 రూపాయలు. వచ్చింది 1,090. ఏడాదంతా కట్టినా 13,080 రూపాయలే! వడ్డీ సంగతి తర్వాత, అసలే తీరదు. టెస్టింగ్‌లో దొరికింది కాబట్టి బతికిపోయాం. తప్పు ఆ అబ్బాయిది కాదు, నాదే.

"సూత్రాన్ని ఇమేజ్‌గా పెట్టేస్తే పోలా?" అంటారేమో. అదీ చేశాను. జూమ్ చేస్తే మసక, డార్క్ మోడ్‌లో తెల్ల డబ్బా. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి మనం వివరణ రాసి పెట్టకపోతే, అక్కడ బొమ్మ ఉందని తప్ప ఏమీ తెలియదు.

మరి దారేంటి? మూడున్నాయి. మొదటిది మ్యాథ్‌జాక్స్. లేటెక్ పద్ధతిలో రాస్తే బ్రౌజర్‌లోనే సూత్రం గీస్తుంది. కంప్యూటర్‌లో దానిమీద రైట్ క్లిక్ చేస్తే అసలు లేటెక్ కోడ్ కూడా తీసుకోవచ్చు. రెండోది కేటెక్. 2014లో ఖాన్ అకాడమీ నుంచి వచ్చింది, చాలా ఫాస్ట్. మూడోది మ్యాథ్‌ఎంఎల్. 1998 నుంచీ ఉన్న వెబ్ ప్రమాణమే. ఫైర్‌ఫాక్స్, సఫారీ ముందే చూపించేవి. క్రోమ్‌లో మాత్రం 2023లో, 109వ వెర్షన్‌తో స్థిరంగా వచ్చింది. దీనికి అదనంగా స్క్రిప్ట్ లోడ్ చేయక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు చెప్తాను. మార్క్‌డౌన్‌లో రాసేటప్పుడు అండర్‌స్కోర్‌ని ఇటాలిక్ గుర్తుగా తీసుకుని సూత్రాన్ని పాడుచేసే అవకాశం ఉంది, పబ్లిష్ చేశాక పేజీ తెరిచి చూడండి. పొడవైన సూత్రం ఫోన్‌లో స్క్రీన్ దాటిపోతుంది, దాని డబ్బా వరకే పక్కకి స్క్రోల్ అయ్యేలా పెట్టండి.

నేనిప్పుడు ప్రతి సూత్రం కింద ఒక ఉదాహరణ లెక్క కూడా రాస్తున్నాను. ఆ 8,885 అక్కడ ఉండి ఉంటే తమ్ముడు రెండు నిమిషాల్లో పట్టేసేవాడు. మీ పేజీని ఒకసారి ఫోన్‌లో తెరిచి, సూత్రం కాపీ చేసి చూడండి. ఏమైందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, బై!