అమ్మిన సొమ్ము, అందిన సొమ్ము

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఎ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడతాననుకున్నారు. ఆ రెండింటి మీదా నాకంటే బాగా మాట్లాడేవారు ఈ హాల్లో పాతికమంది ఉన్నారు. నేను వేరే సంగతి ఎన్నుకున్నాను. మన పిల్లల్లో, కోడళ్లలో చాలామంది ఇవాళ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ అంగళ్లలో సరుకు అమ్ముతున్నారు. చీరలు, పచ్చళ్లు, బొమ్మలు, ఏదైతేనేం. వ్యాపారం బ్రహ్మాండంగా ఉందంటారు. ఆ మర్నాడే వచ్చి, "నాన్నగారూ, ఓ రెండు లక్షలు సర్దుతారా" అని అడుగుతారు. బ్రహ్మాండంగా ఉంటే రెండు లక్షలెందుకు? అడిగితే మనం పాతకాలం వాళ్లమంటారు. అడగకుండా ఇస్తే మన గ్రాట్యుటీ సొమ్ము ఎటు పోయిందో మనకే తెలియదు.

నేను 1974లో ట్రెజరీ శాఖలో గుమాస్తాగా చేరి 2008లో రిటైరయ్యాను. ముప్ఫై నాలుగేళ్లు ఇతరుల బిల్లులు చూడటమే నా పని. వ్యాపారం గురించి నాకేమీ తెలియదు. బిల్లు ఒకటి, చెల్లింపు ఒకటి, ఆ రెంటికీ మధ్య టోకెను పట్టుకుని బల్ల ముందు నిలబడ్డ మనిషి ఒకడు, అంతవరకు తెలుసు. మా కోడలి వ్యాపారంలో నాకు కనబడింది కూడా సరిగ్గా అదే.

మా కోడలు మంగళగిరి నూలు చీరలు అమ్ముతుంది. 2023 ఆగస్టులో మొదలుపెట్టింది. నెలకు ఎనభై చీరల దాకా పోతాయి. 2024 దసరాకు ముందు ధైర్యం చేసి రెండు వందల యాభై చీరలు తెచ్చింది. కొంత రొక్కం, కొంత అప్పు. సెప్టెంబరు 10 నుంచి అక్టోబరు 15 లోపల 212 చీరలు పంపింది. ఫోను తెరిస్తే అమ్మకం మూడు లక్షల పద్దెనిమిది వేలు అని చూపిస్తోంది. బ్యాంకులో 6,400 రూపాయలున్నాయి. మంగళగిరిలో మాస్టర్ వీవరుకు లక్షా పన్నెండు వేలు బాకీ. 20వ తేదీకి జి.ఎస్.టి. కట్టాలి. మా అబ్బాయి 18న రాత్రి భోజనాలయ్యాక నా గదిలోకి వచ్చి, పోస్టాఫీసులో ఉన్న సీనియర్ సిటిజన్స్ ఖాతా గురించి కదిపాడు.

ఆ ఖాతాలో అయిదు లక్షలున్నాయి. ఏడాది దాటింది, రెండేళ్లు నిండలేదు. అప్పుడు మూస్తే నూటికి రూపాయిన్నర కోత. అందులోంచి రెండు లక్షలే తీస్తామంటే కుదరదు, మూస్తే ఖాతా మొత్తం మూయాల్సిందే. అంటే ఏడున్నర వేలు నష్టం, పైగా మూడు నెలలకోసారి వచ్చే వడ్డీ ఆగిపోతుంది. మా ఆవిడ మందులన్నీ ఆ వడ్డీ మీదే.

నేను ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. "అమ్మాయిని కాగితాలు తెమ్మను" అన్నాను. కాగితాలంటే ఏమున్నాయి, అన్నీ ఫోన్లోనే. మర్నాడు పొద్దున్నే నెట్ సెంటరుకు వెళ్లి సెటిల్‌మెంటు రిపోర్టులు అచ్చు తీయించుకొచ్చింది. యాభై పేజీలు. మా పాత ఆఫీసు వాసన వచ్చింది. ఒక లాంగ్ నోటుబుక్కు తీసి గళ్లు గీశాను. ఒక్కో ఆర్డరుకు ఒక్కో వరస: పంపిన తేది, చేరిన తేది, సొమ్ము పడిన తేది, పడిన సొమ్ము. చివర రిమార్కుల గడి.

రెండు రోజులు పట్టింది. 212 చీరలకు గాను డబ్బు అందినవి 61. చేరాయి గాని డబ్బు ఇంకా రానివి 74. దారిలో ఉన్నవి 29. తిరిగి ఇంటికొచ్చినవి 31. తిరిగొచ్చినట్టు రికార్డులో ఉండి మా గడప తొక్కనివి 17. మా కోడలు మూడు లక్షల పద్దెనిమిది వేలు అనుకుంటున్నది అద్దంలో మూట.

ముందు ఒక్క చీర సంగతి చెబుతాను. అమ్మిన ధర 1,500, అందులోనే 5 శాతం జి.ఎస్.టి. అంగడివారి కమీషను, రవాణా, ఇతర రుసుములు, వాటిపై 18 శాతం జి.ఎస్.టి. కలిపి మాకు 291 అయ్యాయి. సంస్థను బట్టి, సరుకును బట్టి ఇది మారుతుంది. ఇవి కాక మూలంలోనే పట్టుకునే కోతలు రెండున్నాయి, అవి కలిపి తొమ్మిది రూపాయల లోపు. చేతికొచ్చేది 1,200. చీర ఖరీదు 950, కవరు, ఇస్త్రీ పాతిక. రుసుముల మీద కట్టిన పన్ను తగ్గించుకోగా ప్రభుత్వానికి కట్టవలసింది పోగా మిగిలేది రమారమి 200. ఒక చీర తిరిగొస్తే రానుపోను ఖర్చు 150 దాకా అవుతుంది. అంటే ఒక రిటర్ను దాదాపు ఒక అమ్మకం లాభాన్ని తినేస్తుంది.

ఇక రోజుల లెక్క. అసలు కీలకం ఇక్కడే ఉంది. చీర కొన్నాక ఫొటోలు తీసి పెట్టడానికి నాలుగు రోజులు. అమ్ముడుపోవడానికి సగటున పద్దెనిమిది. చేరడానికి అయిదు. చేరాక, వాపసు గడువూ సెటిల్‌మెంటు వారమూ కలిసి మరో పది. మొత్తం ముప్ఫై ఏడు రోజులు. నెలకు ఎనభై చీరలంటే, చీరకు 975 చొప్పున 78,000. ముప్ఫై ఏడు రోజులకు 96,000 రూపాయలు ఎప్పుడూ బయటే తిరుగుతుంటాయన్నమాట. అది నష్టం కాదు, అలాగని చేతిలోనూ ఉండదు. అమ్మకం రెట్టింపయితే ఈ సొమ్మూ రెట్టింపై లక్షా తొంభై రెండు వేలవుతుంది. వ్యాపారం పెరిగినకొద్దీ చెయ్యి ఎండిపోవడానికి కారణం ఇదే. మా అబ్బాయి ఇంజనీరు. వాడికి ఇది చెబితే, "ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు నాన్నగారూ" అన్నాడు. ఎవరు చెబుతారు? అప్పిచ్చేవాడు చెప్పడు.

ఆ 74 చీరల డబ్బు ఎందుకు రాలేదు? మామూలు గడువు దాటిపోయింది. చూడగా చూడగా తేలిందేమంటే, అమ్మాయి పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు ఖాతాలో మా ఇంటిపేరు. అంగడివారు పరిశీలన అని చెల్లింపులన్నీ నిలిపివేశారు. వాళ్లు పంపిన సందేశం పండుగ హడావిడిలో ఈ పిల్ల చూసుకోలేదు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చి ఫ్యామిలీ పెన్షను ఆగిపోయిన సోదరీమణులు ఈ సభలోనే ఉన్నారు, వారికి నేను చెప్పనక్కర్లేదు. ఆధారాలు పెట్టి, రోజుకొకసారి గుర్తుచేస్తే, నిలిపిన పంతొమ్మిదో రోజున 88,800 విడుదలైంది. కనుక మీ పిల్లలను ముందు ఇది అడగండి: పాను, ఆధారు, బ్యాంకు, జి.ఎస్.టి., నాలుగింటిలో పేరు ఒకేలా ఉందా?

తిరిగొచ్చినట్టు రాసి రాని 17 చీరలకు క్లెయిములు పెట్టించాను. 11 ఒప్పుకున్నారు. ఆరింటికి గడువు దాటిందన్నారు. గడువు దాటిన బిల్లును నేనూ ఎన్నోసార్లు తిప్పి పంపినవాణ్ణే, కోపగించుకునే హక్కు నాకు లేదు.

మూలంలో కోతలని ఇందాక అన్నాను. ఆన్‌లైన్ అంగడివారు 2018 అక్టోబరు 1 నుంచి అమ్మకందారు సొమ్ములో నూటికి రూపాయి జి.ఎస్.టి. కింద పట్టి ప్రభుత్వానికి కట్టేవారు. 2024 జూలై 10 నుంచి అది అర్ధ రూపాయి అయింది. ఆదాయపు పన్ను కింద 2020 అక్టోబరు 1 నుంచి మరో ముప్పావలా, 2021 ఏప్రిల్ 1 నుంచి రూపాయి పట్టేవారు, 2024 అక్టోబరు 1 నుంచి అది పది పైసలే. వ్యక్తిగతంగా అమ్మేవారికి ఏడాది అమ్మకం అయిదు లక్షలు దాటకపోతే, పాన్ గాని ఆధార్ గాని ఇచ్చి ఉంటే, ఈ రెండోది పట్టరు. పట్టింది మన సొమ్మే. ఆదాయపు పన్నుది రిటర్ను వేసి సర్దుబాటు చేసుకోవాలి. జి.ఎస్.టి.ది ఆ పోర్టల్లోకి వెళ్లి, వచ్చిన జమను ఒప్పుకున్నట్టు దాఖలు చేస్తేనే మన నగదు ఖాతాలో పడుతుంది. మా కోడలు పద్నాలుగు నెలలుగా అటు తొంగి చూడలేదు. పదకొండు వేల చిల్లర అక్కడే ఉండిపోయింది. 20వ తేదీ కట్టవలసిన పన్ను అందులోంచే కట్టేశాం. ఆ రాత్రి మా ఆవిడ నాకు రెండోసారి కాఫీ ఇచ్చింది. డాక్టరు వద్దన్నాక ఇవ్వడం అదే మొదలు.

ఇంకో చిన్న సంగతి. కొరియరువాళ్లు బరువుకే కాదు, ఆక్రమించే చోటుకూ డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించడం సాధారణ పద్ధతి. ఈ పిల్ల అందంగా ఉంటుందని 30, 25, 10 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పంపేది. భాగిస్తే కిలోన్నర! చీర తూగేది 450 గ్రాములు. మడత మార్చి 28, 22, 4 వచ్చేలా కవరులో పెడితే అరకిలో లోపలికి దిగింది. దసరా సరుకులో సగం ఆ పెట్టెల్లోనే పోయింది, ఏం చేస్తాం.

ఈలోగా ఫోనుకు ఒక ఆఫరు వచ్చింది. రావలసిన డబ్బు పన్నెండు రోజులు ముందే ఇస్తాం, నూటికి రూపాయిన్నర రుసుము మాత్రమే అని. అబ్బాయి తక్కువే కదా అన్నాడు. మన ఊళ్లలో వడ్డీ నెలకు చెబుతారు. పన్నెండు రోజులకు రూపాయిన్నర అంటే నెలకు నూటికి మూడు రూపాయల డెబ్బై అయిదు పైసలు. ఏడాదికి నూటికి నలభై అయిదు పైన. వడ్డీ అని రాస్తే బెదిరిపోయేవాళ్లు రుసుము అని రాస్తే సంతకం పెడుతున్నారు. రోజువారీ అమ్మకంలోంచి కోసుకునే అప్పులు కూడా ఉన్నాయి. ఆ కోత మొదలయ్యాక వచ్చే నెల సరుకుకు డబ్బుండదు, మళ్లీ అప్పు.

మరి లక్షా పన్నెండు వేల బాకీ సంగతి? "ఆయన్ని ఇంకో నెల ఆగమందాం మామయ్యా" అంది కోడలు. అక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు. ఆ మాస్టర్ వీవరు కింద గుంట మగ్గాల మీద కూర్చునేవాళ్లకు కూలి ఆగిపోతుంది. చిన్న ఉత్పత్తిదారుల కోసం 2006లో చేసిన చట్టం కూడా ఉంది. రిజిస్టరయిన చిన్న ఉత్పత్తిదారుకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల లోపల డబ్బివ్వాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఈ చట్టం చూపించి అంగడివాళ్లను మనం అడగవచ్చా అన్నాడు మా అబ్బాయి. కుదరదు. అంగడివాడు మన దగ్గర కొన్నవాడు కాదు, మధ్యవర్తి. పైగా మా కోడలు కొని అమ్మేది. 2021 జూలై నుంచి వ్యాపారులను కూడా ఉద్యంలో నమోదు చేసుకుంటున్నారు గాని, వారికి బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యమే తప్ప ఈ గడువు రక్షణ లేదు. అంటే అప్పు తీర్చే గడువు మన మీద ఉంది, వసూలుకు గడువు మన చేతిలో లేదు. న్యాయమా అంటే, నా మటుకు నాకు కాదనే అనిపిస్తుంది. కాని మనకు జరిగిన ఆలస్యాన్ని మగ్గం మీదకు తోసెయ్యడం అంతకంటే అన్యాయం.

నా పెన్షను పడే సేవింగ్సు ఖాతాలోంచి 60,000 అడ్వాన్సు ఇచ్చాను. వోచరు రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, కోడలి సంతకం తీసుకున్నాను. ఇల్లంతా నవ్వారు. ఆ డబ్బు అదే రోజు మంగళగిరి వెళ్లింది. నిలిపిన సొమ్ము విడుదల కాగానే మిగతా 52,000 వెళ్లింది. నవంబరు ఆఖరుకు నా అడ్వాన్సు రెండు విడతల్లో తీరింది, వోచరు మీద "రద్దు" అని రాసి దాచాను. పోస్టాఫీసు ఖాతా జోలికి పోలేదు.

ఆ తరువాత బ్యాంకుకు వెళ్లి ముద్ర కింద మూడు లక్షల క్యాష్ క్రెడిట్ లిమిటు పెట్టించుకున్నాం. 2015 నుంచి ఉన్న పథకమే. అయిదు లక్షల వరకు కిశోర్ అంటారు. వాడుకున్న సొమ్ముకు, వాడుకున్న రోజులకే వడ్డీ. మేనేజరు గారికి మా లాంగ్ నోటుబుక్కు చూపిస్తే, ఆయన ఆడిటరు కాగితాల కంటే దాన్నే ఎక్కువసేపు తిప్పారు. మరుసటి దసరాకు లిమిటులోంచి తీసి సరుకు తెచ్చారు. ఈసారి ఒకే విడతలో కాదు, మూడు విడతల్లో. రిటర్నులు ఎక్కువొచ్చే రెండు రంగులు మానేశారు. వచ్చి పడే ప్రతి చెల్లింపునూ కోడలు ఆదివారం సాయంత్రం పుస్తకంలోకి ఎక్కిస్తుంది. నన్ను పిలిచి చివర ఇనీషియల్ వేయిస్తుంది, ఈ వయసులో నాకు దొరికిన ప్రమోషను అది.

అందరి లెక్కా ఇలాగే తేలుతుందని చెప్పడం లేదు. మా బంధువుల అబ్బాయి ఒకడి పుస్తకం ఇలాగే గీసి చూస్తే, డబ్బు ఎక్కడా ఆగలేదు, అసలు మిగలడమే లేదు. ఒక్కో వస్తువు మీద నలభై రూపాయలు పోగొట్టుకుంటూ నెలకు మూడు వందలు అమ్ముతున్నాడు. వాళ్ల నాన్న అప్పటికే లక్షన్నర ఇచ్చి ఉన్నాడు, ఇంకో లక్ష ఇవ్వబోతున్నాడు. ఆ లక్ష ఆగింది. ఆ కుర్రవాడు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ప్రతి నెలా మొదటి శనివారం పదకొండు గంటలకు నేను మన సంఘ కార్యాలయంలోనే ఉంటాను. పిల్లలు డబ్బు అడిగి ఉంటే, గత మూడు నెలల సెటిల్‌మెంటు రిపోర్టులు అచ్చు తీయించి, వాళ్లను కూడా వెంటబెట్టుకు రండి. గళ్లు గీసే స్కేలు నా దగ్గరుంది. సెలవు.