దవడ వాపును ఉపేక్షింపరాదు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమున ఎవరికైన దవడ వాచినచో అది పంటిపోటు వలన వచ్చినదని తలచుట పరిపాటి. పసుపుపట్టు వేయుదురు, లవంగ తైలము రాయుదురు, కొందరు వాతలు సైతము పెట్టింతురు. పెక్కుమారులు అది పంటి చీము వలన కలిగిన వాపే కావచ్చును. కాని నొప్పియు, జ్వరమును లేకుండ నెలల తరబడి మెల్లగా పెరుగు గట్టి వాపు వేరు. అది దవడ యెముకలో పుట్టిన కంతి కావచ్చును.

ఇట్టి కంతులు అరుదు. వీనిలో పెక్కింటికి క్యాన్సరు వలె దేహమంతట వ్యాపించు గుణము లేదు. అంతమాత్రమున అవి హాని చేయవని అనుకొనరాదు. అమెలోబ్లాస్టోమా అను కంతి ఎక్కువగా క్రింది దవడలో, వెనుక దంతముల చెంత పుట్టును. అది లోలోపల ఎముకను తినివేసి, దంతములను కదలించి, ముఖమును వికృతము చేయును. కేవలము గీకి తీసివేసినచో మరల తలయెత్తుట దాని స్వభావము.

ఫైబ్రస్ డిస్‌ప్లేసియా అను మరియొక వ్యాధి సాధారణముగా బాల్య యౌవనములలో కనిపించును. ఎముక ఉండవలసిన చోట నారవంటి పదార్థము పెరుగును. దేహము ఎదుగుట ముగిసిన పిమ్మట ఇది తరచుగా నెమ్మదించును. కావున వైద్యులు కొందరి విషయమున శస్త్రచికిత్స చేయక కనిపెట్టియుందురు. ఒకదానికి కోత, మరియొకదానికి ఓర్పు! వ్యాధి నిర్ణయము తప్పినచో చికిత్సయు తప్పును.

ఆ నిర్ణయ మెట్లు జరుగును? మొదట వైద్యుడు చేతితో తాకి చూచును. పిదప ఎక్స్‌రే తీయుదురు. అందు అమెలోబ్లాస్టోమా తరచు సబ్బు బుడగల గుంపువలెను, ఫైబ్రస్ డిస్‌ప్లేసియా గరుకుటద్దము వలెను కనిపించును. అయినను ఛాయను మాత్రమే నమ్మరాదు. చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింపవలెను. దీనినే బయాప్సీ అందురు.

ఒక్కొక్కప్పుడు ఇదియు చాలదు. పెద్ద కణములు గల కంతి కనబడినప్పుడు రక్తములో కాల్షియమును, పారాథైరాయిడ్ హార్మోనును కొలువవలెను. ఏలన, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల వ్యాధి వలన పుట్టు కంతియు అచ్చముగా అట్లే యుండును. అప్పుడు చికిత్స ముందుగా గ్రంథికి జరుగవలెను. అట్లే దవడలో పెక్కు ఎముక బుడిపెలున్నచో, గార్డ్‌నర్ సిండ్రోము అను వంశపారంపర్య వ్యాధిని శంకించి పెద్దప్రేగును పరీక్షింతురు. ఆ వ్యాధిలో ప్రేగులోని పిలకలు ఉపేక్షింపబడినచో క్యాన్సరుగా మారును.

సభ్యులారా! ముక్క తీసినచో వ్యాధి ప్రకోపించునని గ్రామములలో ఒక భయము కలదు. ఆ భయముచే పరీక్ష మానుకొన్న రోగి దవడలో కొంత భాగమునే కోల్పోవలసి రావచ్చును. పెండ్లికావలసిన పిల్ల ముఖము వాచినదని ఇంటిలో దాచియుంచు తల్లిదండ్రులకు ధైర్యము చెప్పవలసినవారు మీరే. రెండు మూడు వారములలో తగ్గని వాపు, కారణము లేకుండ కదలు దంతములు, పెదవి మొద్దుబారుట కనిపించినచో రోగిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. హైదరాబాదు, విజయవాడ, కడప నగరములలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు కలవు. ఎక్స్‌రేలను, బయాప్సీ నివేదికను భద్రపరచుకొనుమనియు, చికిత్స ముగిసిన పిదపను ఏండ్ల తరబడి పరీక్షకు పోవలెననియు రోగికి బోధింపుడు.

వాపు చిన్నదిగా నున్నప్పుడే గుర్తించినచో కోతయు చిన్నదగును. మీ వార్డులో అట్టివారెవరైన నున్నారేమో ఈ వారమే విచారింపుడని నా మనవి.