సముద్ర శాస్త్రం: డిగ్రీ తరువాత మన పిల్లలకు మరొక దారి

(విద్యా అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీ పూర్తి చేసిన పిల్లల ఇళ్లకు వెళ్లి మేము సముద్ర శాస్త్రం పేరెత్తితే, తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "సముద్రం గురించి చదివితే అన్నం పెడుతుందా?" ఆ ప్రశ్నను మేము తేలికగా తీసుకోము. సామాన్య కుటుంబానికి బిడ్డ చదువులో గడిచే ప్రతి సంవత్సరమూ బరువైనదే. కనుక సమాధానం సూటిగా చెప్పదలచుకున్నాము.

ముందుగా ఈ విద్య దేనికో చూద్దాము. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిననాడు హిందూ మహాసముద్ర దేశాలకు ముందుగా హెచ్చరించే వ్యవస్థ లేదు. నేడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో, 2007లో ఏర్పడిన సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తున్నది. ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని బట్టి చేపలు దొరికే తావులను మత్స్యకారులకు తెలియజేసేది కూడా ఆ సంస్థే.

ఇంకా తేలవలసిన విషయాలు ఎన్నో ఉన్నాయి. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు బంగాళాఖాతంలో ఉప్పునీటిపై పొరగా పరచుకుంటుంది. ఆ పొర కింది చల్లని నీటిని సులువుగా పైకి రానివ్వదు. దానివల్ల పైభాగంలో వేడి నిలిచి తుపానులకు బలమిస్తుంది. ఏ తుపాను ఎంత వేగంగా బలపడుతుందో సరిగ్గా చెప్పగలగడం నేటికీ పరిశోధకుల ముందున్న సవాలే.

ఈ రంగం మనకు కొత్తది కాదు. 1926లో అలహాబాదులో జన్మించిన డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివి, బ్రిటన్‌లోని వేల్స్‌లో పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. తరువాత గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు సంచాలకులయ్యారు. 1981 డిసెంబరులో గోవా నుండి బయలుదేరిన భారతదేశపు మొదటి అంటార్కిటికా యాత్రకు నాయకత్వం వహించారు. ఇరవై ఒక్క మంది సభ్యుల ఆ బృందం 1982 జనవరి 9న మంచు ఖండంపై అడుగుపెట్టింది. అనంతరం ఆయన జామియా మిల్లియా ఇస్లామియాకు ఉపకులపతిగా సేవలందించారు.

ఆడపిల్లలకు ఈ పని తగదని భావించే వారికి మరొక పేరు గుర్తు చేస్తాము. సముద్ర శాస్త్రవేత్త అదితి పంత్ 1983-84లో జరిగిన మూడవ యాత్రలో అంటార్కిటికాకు వెళ్లారు. అంతేకాదు, ఈ రంగంలో అందరూ ఓడ ఎక్కనక్కరలేదు. ప్రయోగశాలలోనూ, కంప్యూటరు ముందూ జరిగే పని కూడా ఎంతో ఉన్నది.

ఇక దారి విషయం. భౌతిక శాస్త్రం, గణితం చదివినవారు ప్రవాహాలను, అలలను అధ్యయనం చేయవచ్చు. రసాయన శాస్త్రం వారికి నీటి గుణాలు, జీవశాస్త్రం వారికి సముద్ర జీవులు, భూగర్భ శాస్త్రం వారికి సముద్రపు అడుగు అధ్యయనాంశాలు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ విద్యకు ప్రత్యేక శాఖ ఉన్నది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు అదే నగరంలో ప్రాంతీయ కేంద్రమూ ఉన్నది.

పీజీ తరువాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధించిన పరిశోధక విద్యార్థికి 2023 జనవరి నుండి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపై 42,000 రూపాయల ఫెలోషిప్ అమలులో ఉన్నది. అంటే పరిశోధన కాలంలో బిడ్డ ఇంటికి భారం కానక్కరలేదు.

అయితే ఒక మాట దాచము. పీహెచ్‌డీకి దాదాపు ఐదేళ్లు పడుతుంది, శాశ్వత ఉద్యోగాలకు పోటీ తీవ్రంగా ఉంటుంది. ఓర్పు లేనివారికి ఇది తగిన దారి కాదు. ఆసక్తి ఉన్న బిడ్డకు మాత్రం, తెలియకపోవడం వల్ల ఈ తలుపు మూసుకుపోకూడదు.

తల్లిదండ్రులకు మా విన్నపం ఇదే. డిగ్రీ ఫలితాలు వచ్చిన వారంలోనే ఉద్యోగమో, పెళ్లో నిర్ణయించకండి. బిడ్డను కూర్చోబెట్టి ఏం చదవాలని ఉందో ఒక్కసారి అడగండి. సమాధానం విన్న తరువాతే నిర్ణయించండి.