మార్కులు తగ్గిన విద్యార్థి – మన కర్తవ్యము

(ఆదిభట్లయందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో విద్యావిషయమును గూర్చి చేయబడిన ఉపన్యాసము)



విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుమని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరినందులకు వారికి మా వందనములు. ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైనవారిని సన్మానించుట మన సభలకు ఆచారమై యున్నది. అది మంచి ఆచారమే. కాని మేము నేడు మాటలాడ దలచినది వారిని గూర్చి కాదు. వాణిజ్యనిర్వహణ విద్యాలయములలో ప్రవేశమునకై పరీక్ష వ్రాసి, మార్కులు తగ్గి, ఇంటిలో మాట పడుచు, సిగ్గుచే నలుగురిలోనికి రాకున్న యువతీయువకులను గూర్చియే మా మనవి. వారు మఱల ఎట్లు ప్రయత్నింపవలయును, వారికి మనమేమి చేయవలయును అనునవి రెండును విచారింపదగిన విషయములు.

ఈ మాట ఆదిభట్లయందు చెప్పుట యుక్తమని మా తలంపు. వానచుక్కను నమ్ముకొని సేద్యము చేసిన ఈ సీమయందు నేడు టాటావారి విమానభాగముల కర్మాగారములు వెలసినవి. 2018వ సంవత్సరమున ప్రారంభమైన టాటా బోయింగు కర్మాగారమునందు అపాచీ హెలికాప్టరుల కాయభాగములు తయారగుచున్నవి. టాటా కన్సల్టెన్సీవారి విశాల ప్రాంగణమొకటి ఇచ్చటనే కలదు. 2022వ సంవత్సరమున జిల్లా కలెక్టరు కార్యాలయమును పొరుగుననున్న కొంగరకలానునకు వచ్చినది. బాహ్యవలయ రహదారిని పట్టి పోయినచో, 2001వ సంవత్సరమున గచ్చిబౌలిలో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ కొలదిసేపటి ప్రయాణమే. ఏ పనియు హీనము కాదు. అయినను భూములిచ్చిన సీమలోని బిడ్డలు ఈ ఆవరణముల వాకిళ్లయొద్ద నిలిచిపోక, లోపలి బల్లలయొద్ద కూర్చుండి కార్యనిర్ణయము చేయువారు కావలయునని కోరుట అత్యాశ కాదు. ఆ దారిలో మొదట ఎదురగు ద్వారము ఈ ప్రవేశపరీక్షయే.

ఆ పరీక్ష ఒక్కటి కాదు. మన బిడ్డలు సాధారణముగా వ్రాయునవి మూడు. మన రాష్ట్రమునందలి కళాశాలలకు ఐసెట్టు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటు మొదలగువానికి క్యాట్టు. గచ్చిబౌలి విద్యాలయమునకును విదేశ విద్యాలయములకును జీమ్యాట్టు. ఇందు జీమ్యాట్టు అమెరికా దేశమున 1954వ సంవత్సరమున వేఱొక పేరుతో మొదలైనది. 2023వ సంవత్సరాంతమున దాని రూపము మాఱినది. 2024 ఫిబ్రవరి నుండి ఆ క్రొత్తరూపమే నిలిచినది.

మార్కులు తగ్గినవాడు మొట్టమొదట తెలిసికొనవలసినది తాను వ్రాసిన పరీక్షయొక్క ధర్మమును. ఐసెట్టునందు 150 నిమిషములలో 200 ప్రశ్నలు. తప్పు సమాధానమునకు మార్కు కోత లేదు. కనుక ఒక్క ప్రశ్నయైనను విడిచి వచ్చుట నష్టమే. క్యాట్టునందు మూడు భాగములు. ఒక్కొక్క దానికి 40 నిమిషములు. ఒక భాగమున మిగిలిన వేళ మఱియొక దానికి పనికిరాదు. ఒప్పునకు 3 మార్కులు వచ్చును. ఎంపికలు ఇచ్చిన ప్రశ్నలలో తప్పునకు 1 మార్కు పోవును. కనుక అచ్చట విడిచిపెట్టుటయు ఒక విద్యయే. జీమ్యాట్టునందు అభ్యర్థి సరిగా చెప్పినకొలది కఠినతరమైన ప్రశ్నలు వచ్చును. ప్రశ్నలన్నియు కఠినముగా నున్నవని దిగులుపడి బయటికి వచ్చినవాడు నిజముగా బాగుగా వ్రాసియుండవచ్చును. కాని చివరి ప్రశ్నలకు చేరకుండ వేళ ముగిసినచో ఆ లోపమునకు వేఱుగా శిక్ష కలదు. ఒక పరీక్షకు నేర్చిన ఎత్తుగడను మఱియొక దానిలో వాడి నష్టపోవువారు కలరు.

ఇక మార్కుల కొలమానమును గూర్చి పెద్దలకు ఒక మాట. పాత జీమ్యాట్టునందు 200 మొదలు 800 వఱకు మార్కులుండెడివి. ఇప్పటి దానియందు 205 మొదలు 805 వఱకు. ప్రతి మొత్తమును 5తోనే ముగియును. చూచుటకు రెండును ఒకటిగనే యుండును గాని ఒకటి కావు. నేటి 645 నాటి 700కు దాదాపు సమానము. పెదతండ్రి కుమారునికి పదియేండ్ల క్రిందట 700 వచ్చినదనియు, నీకు 645 మాత్రమే వచ్చినదనియు ఇంటిలో బిడ్డను చులకన చేయుట పాత శేరును క్రొత్త కిలోగ్రామును ఒకే తూకమని వాదించుట వంటిది. అట్టి గృహములలో తక్కువ మార్కులనునవి కాగితముమీద లేవు. కొలిచినవారి దృష్టియందే యున్నవి. మార్కుల ప్రక్కన ముద్రింపబడు పర్సెంటైలును చూడుడు. నూటికెందఱు తనకంటె వెనుకనున్నారో అది చెప్పును.

నిజముగా తగ్గినవానికి మార్గమేమి? ఇబ్రహీంపట్నము పెద్దచెరువును ఎఱిగినవారికి ఈ సంగతి చెప్పనక్కఱలేదు. కట్టకు గండి పడినపుడు ఎంత వాన కురిసినను నీరు నిలువదు. మొదట గండి ఎచ్చటనో చూడవలయును. మార్కులు తగ్గిన మఱునాడే క్రొత్త పుస్తకములు నాలుగు కొని, క్రొత్త శిక్షణాలయమున రుసుము కట్టువాడు గండి పూడ్చక వాన కొఱకు ఎదురు చూచువాడే.

గండిని చూచు విధము ఏమన, మన వర్తకులు చిట్టా వ్రాసినట్లు తప్పుల చిట్టా వ్రాయవలయును. తప్పిన ప్రతి ప్రశ్నకు ఎదుట కారణము నాలుగింటిలో ఒకటిగా వ్రాయవలయును: విషయము తెలియక తప్పినదా, తెలిసియు ప్రశ్నను సరిగా చదువక తప్పినదా, లెక్కలో తొందర చేత తప్పినదా, వేళ చాలక ఊహించి వ్రాసినదా. నూఱు ప్రశ్నలకు ఇట్లు వ్రాసి, వారాంతమున చిట్టానుండి ఆవర్జాకు ఎక్కించినచో, ఏ పద్దున నష్టము వచ్చుచున్నదో తానే కనుగొనును. తెలియనివానికి పాఠము మందు; తొందరకు పాఠము మందు కాదు. చదువక తప్పువాడు ఎన్ని సూత్రములు వల్లించినను మార్కు పెరుగదు. జీమ్యాట్టు నిర్వాహకులు రెండు మాదిరి పరీక్షలను ఉచితముగా ఇచ్చుచున్నారు. వానిలో ఒకదానిని ఆదియందును, రెండవదానిని కృషి ముగిసిన పిదపను వ్రాసినచో భేదము తెలియును.

ఇప్పటి జీమ్యాట్టునందు మూడు భాగములు, మొత్తము 64 ప్రశ్నలు, 2 గంటల 15 నిమిషములు. ఒక్కొక్క భాగమునకు 45 నిమిషములు. మూడింటికిని మొత్తములో సమాన భాగము కలదు.

మొదటిది గణితము: 21 ప్రశ్నలు. ఇందు రేఖాగణితము తీసివేయబడినది. అంకగణితము, బీజగణితము మాత్రమే యున్నవి. యంత్రసహాయము లేదు. నిష్పత్తులు, శాతములు, పని–కాలము, లాభనష్టములు. ఇవన్నియు పాఠశాలలో చదివినవే. మహావీరాచార్యుని సంస్కృత గణితమును పదునొకండవ శతాబ్దముననే పావులూరి మల్లన తెనిగించిన జాతికి ఈ లెక్కలు పరాయివి కావు. ఇంగ్లీషున నున్న లెక్కను మొదట తెలుగున తనలో తాను చెప్పుకొని, ఏమి ఇచ్చినారు, ఏమి అడిగినారు అని రెండు పంక్తులు వ్రాసి, పిదప సాధించువానికి చదువక తప్పు తప్పులు తగ్గును.

రెండవది భాష: 23 ప్రశ్నలు. తెలుగు మాధ్యమమున చదివినవారు భయపడు భాగమిదే. కాని వ్యాకరణమును సవరించు ప్రశ్నలు ఇప్పటి పరీక్షలో లేవు. చదివిన దానిని గ్రహించుట, వాదమును పరీక్షించుట అను రెండే యున్నవి. వాదమును పరీక్షించుట మనకు క్రొత్తది కాదు. పదునేడవ శతాబ్దమున తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడు. కొండమీద పొగ యున్నది గనుక నిప్పు ఉన్నదనుట సరియైన వాదము. నిప్పు ఉన్నది గనుక పొగ యుండునన్నచో తప్పు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండునందు నిప్పు కలదు, పొగ లేదు. తడికట్టె యున్నచోటనే పొగ పుట్టును. వాదము చేయువాడు చెప్పక దాచిన ఆ తడికట్టెను తార్కికులు ఉపాధి యనిరి. పరీక్షలో వాక్యమేదైనను ప్రశ్న తఱచుగా ఇదియే: ఈ వాదమున చెప్పక విడిచిన తడికట్టె యేది? దినమునకొక ఇంగ్లీషు పత్రికావ్యాసమును చదివి, వ్రాసినవాడు ఏమి స్థాపించినాడు, దానికి హేతువేమి అని తెలుగున రెండు వాక్యములు వ్రాయు అలవాటు మూడు నెలలు నిలిపినచో ఈ భాగమందలి భయము చాలవఱకు తొలగును.

మూడవది దత్తాంశవివేచనము: 20 ప్రశ్నలు. పట్టికలు, చిత్రములు, పెక్కు పత్రములనుండి విషయమును తీయుట ఇందలి పని. ఒక తెగ ప్రశ్నలలో సమాధానము కనుగొనుట కాదు. ఇచ్చిన ఆధారములు సమాధానమునకు చాలునా చాలవా అని మాత్రమే చెప్పవలయును. సాక్ష్యము చాలనిదే తీర్పు చెప్పరాదని ఎఱిగిన గ్రామపెద్దల బుద్ధియే ఇచ్చట కావలయును. పాత పరీక్షలో ఈ భాగము మొత్తమున చేరియుండలేదు. కనుక పాత పుస్తకములను, పాతవారి సలహాలను నమ్మినవారు దీనిని అశ్రద్ధ చేసి, మూడవవంతు మార్కులను చేజార్చుకొనుచున్నారు.

వేళను గూర్చి యొక మాట. గణితమున ప్రశ్నకు రెండు నిమిషములకు కొంచెము పైగా, భాషయందు రెండు నిమిషములకు కొంచెము తక్కువగా లభించును. ఒక్క ప్రశ్నపై ఆఱు నిమిషములు పట్టుదలగా కూర్చున్నవాడు ఆ ప్రశ్నను గెలిచినను ముందున్న రెండింటిని ఓడును. కొలది ప్రశ్నలను గుర్తుపెట్టుకొని చివర మఱల చూచుటకును, భాగమునకు మూడు సమాధానములను మార్చుకొనుటకును ఇప్పుడు వీలు కలదు. కావున తెగనిదానిని ఒక సమాధానముతో విడిచి ముందునకు పోవలయును.

మఱల వ్రాయుట ఎప్పుడు? జీమ్యాట్టును 16 దినముల పిదప మఱల వ్రాయవచ్చును. 12 నెలలలో 5 మారులు మించరాదు. మార్కులు 5 సంవత్సరములు చెల్లును. చూచుకొన్న పిదప ఏ మార్కులను విద్యాలయమునకు పంపవలయునో అభ్యర్థియే నిర్ణయించుకొనును. కనుక తగ్గిన మార్కు లోకమునకు చాటబడు అపకీర్తి కానేకాదు. క్యాట్టును ఐసెట్టును ఏటికొకసారియే వచ్చును. అచ్చట ఓపిక ఎక్కువగా కావలయును. 16 దినములకే మఱల వ్రాయుటకు అనుమతి యున్నంతమాత్రమున వ్రాయుట వివేకము కాదు. చిట్టాలోని నష్టపు పద్దు తగ్గి, రెండు మూడు మాదిరి పరీక్షలలో మార్కు నిలుకడగా పెరిగినపుడే వ్రాయవలయును. ఉద్యోగము చేయువారు దినమునకు రెండు గంటల చొప్పున మూడు నెలలు నియమముగా చదువుట మేలు. కోరిన విద్యాలయమునకు వచ్చిన మార్కులు చాలునని తోచినచో మఱల వ్రాయనక్కఱలేదు. ఆ వేళను దరఖాస్తు వ్యాసములకు, సంభాషణకు వినియోగింపవలయును. గచ్చిబౌలి విద్యాలయమువంటివి మార్కులతోపాటు చేసిన ఉద్యోగమును, వ్రాసిన వ్యాసములను, ముఖాముఖిని కూడ చూచును. శ్రద్ధగా రెండు మూడు మారులు వ్రాసినను మార్కు కదలనిచో వేఱు మార్గము చూచుకొనుట ఓటమి కాదు. పరీక్ష ఒక దినపు నైపుణ్యమును కొలుచును, మనుష్యుని కొలువదు.

ఇక తల్లిదండ్రులకు మా మనవి. కుమారునికి మార్కులు తగ్గినపుడు మఱియొక యవకాశ మిచ్చుచు, కుమార్తెకు తగ్గినపుడు చదువు చాలించి పెండ్లిమాటలు మొదలుపెట్టు గృహములు మనలో లేకపోలేదు. ఇది న్యాయము కాదు. పరీక్ష ఇద్దఱికిని ఒక్కటే. పునఃప్రయత్నమును ఒక్కటిగానే యుండవలయును. మఱియు ఈ ప్రాంతమున భూమికి ధర పెరిగినది గదా యని, మార్కులు తెప్పింతుమనియు సీటు ఇప్పింతుమనియు చెప్పు దళారుల మాట నమ్మి స్థలము నమ్ముకొనవలదు. తప్పుల చిట్టా వ్రాయుటకు ఒక నోటుపుస్తకము చాలును. దానిని వ్రాయించు ఓపికయే తల్లిదండ్రులు ఈయవలసిన ధనము.

తుదకు దాతలకు మా ప్రార్థన. హైదరాబాదు నగరమున 1901వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1918వ సంవత్సరమున రెడ్డి హాస్టలు వెలసినప్పుడు వానిని నిలిపినవారు ముందుగా గెలిచినవారిని వెదకలేదు. చదువుటకు చోటు లేనివారికి చోటు కల్పించినారు. ఆ మార్గముననే మన సంఘము మూడు పనులు చేయవలయునని కోరుచున్నాము. ఒకటి: ప్రతిభాపురస్కారములకు కేటాయించు సొమ్ములో కొంత భాగమును, తప్పుల చిట్టా వ్రాసి చూపిన పేద విద్యార్థులకు రెండవమారు పరీక్షారుసుముగా ఈయవలయును, ఇందు బాలికలకు సగము తగ్గరాదు. రెండు: ఉద్యోగము చేయువారికి అనుకూలముగా తెల్లవాఱుజామునను రాత్రియందును తెఱచియుండు పఠనమందిరము నొకదానిని ఆదిభట్ల ప్రాంతమున నెలకొల్పవలయును. మూడు: ఈ పరీక్షలు వ్రాసి కృతార్థులైన మన యువకులు నెలకొక ఆదివారము అచ్చట కూర్చుండి, క్రొత్తవారి చిట్టాలను చూచి సరిదిద్దవలయును. మొదటిదానికి సొమ్ము, రెండవదానికి చోటు, మూడవదానికి మనసు కావలయును. ఈ మూడును మన సంఘమునందు కొఱతపడలేదని మా నమ్మకము.

గెలిచినవారిని గౌరవించు సంఘములు పెక్కు కలవు. తడబడినవానిని మఱల నడిపించు సంఘమే నిజమైన బంధువర్గము. ఈ మూడు సూచనలను మహాసభవారు తీర్మానరూపమున ఆమోదించి, వచ్చు వార్షికోత్సవమునకు ముందే కార్యరూపమున పెట్టుదురు గాక యని ప్రార్థించుచున్నాము.