రోగశయ్యపై బిడ్డ - తల్లిదండ్రుల సమ్మతి

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నము పేరు దేశమంతట మారుమ్రోగినది. కరోనా విజృంభించిన ఆ దినములలో ఆనందయ్య ఇచ్చు నాటుమందుకొరకు వేలకొలది జనము ఆ రేవు గ్రామమునకు తరలివచ్చిరి. ఆ మందు గుణదోషములను నిర్ణయించుట మా పని కాదు. కాని ఆ బారులు మనకు తెలిపిన సత్యమొకటి కలదు. అయినవారి ప్రాణము మీదికి వచ్చినపుడు మనిషి ఋజువు లడుగడు. ఆశ చూపిన చేతిని పట్టుకొనును.

బిడ్డ మంచము పట్టిన యింట ఈ మాట మరింత నిజము. అట్టి యింటికి పోయి, "మా పరిశోధనలో చేరుదురా?" అని అడుగుట తగునా? ఈ ప్రశ్ననే నేడు శ్రోతల ముందుంచుచున్నాము.

నయము కాని వ్యాధిలో సైతము నొప్పిని, ఆయాసమును, భయమును తగ్గించి, బిడ్డకును ఇంటివారికిని ఊరట గూర్చు వైద్యమునకు ఉపశమన చికిత్స యని పేరు. 1982లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో పిల్లలకొరకే హెలెన్ హౌస్ అను ఆశ్రయము వెలసినది. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలోను పిల్లలకు ఈ సేవ కలదు. అయినను ఈ రంగమున మనకున్న జ్ఞానములో అధికభాగము పెద్దలపై జరిగిన పరిశోధనలనుండి అరువు తెచ్చుకొన్నదే. పిల్లల నడుగక పిల్లల బాధ తెలియదు.

ఎట్లు అడుగరాదో మన ఖమ్మము జిల్లా నేర్పినది. 2009లో అచట 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరును నివారించు టీకా వేసి పరిశీలించిరి. పెక్కు సమ్మతి పత్రములపై తల్లిదండ్రులకు మారుగా వసతిగృహముల వార్డెనులు సంతకములు చేసిరి. 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమము నిలిచినది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము దానిని తీవ్రముగా ఆక్షేపించినది. టీకా మంచిచెడ్డలు వేరు, సమ్మతి లోపము వేరు.

అట్లని అసలే అడుగకుండుటయు న్యాయము కాదు. "పాపము, వారినేల కదపవలె" నని వైద్యుడే జాలిపడి మిన్నకుండినచో, అవుననుటకు గాని కాదనుటకు గాని ఆ తల్లికి గల హక్కు పోవును. తమ బిడ్డ పడిన యాతన మరియొక బిడ్డకు తప్పవలెనని కోరు తల్లిదండ్రులును ఉందురు.

కనుక అడుగవలెను, తగినట్లు అడుగవలెను. వైద్యము చేయు డాక్టరు గాక వేరొకరు అడిగిన, మొగమాటము తగ్గును. ఇది రోగము కుదుర్చు మందు కాదని ముందే చెప్పవలెను. కాదనినను వైద్యమున లోటు రాదనియు, నడుమ మానుకొనవచ్చుననియు తేటతెలుగున వినిపించవలెను. భారత వైద్య పరిశోధనా మండలి 2017 నియమముల ప్రకారము ఏడేండ్లు నిండిన బిడ్డ అంగీకారమును గూడ అడుగవలెను. పన్నెండు దాటినచో అది వ్రాతమూలకముగా నుండవలెను.

కృష్ణపట్నపు బెస్తవానికి నెల్లూరు ప్రయాణమనగా ఒకనాటి వేట పోవుట. ఆ దారిఖర్చును, కోల్పోయిన కూలిని పరిశోధకుడే భరించవలెను. లేదా తానే వారి గడప త్రొక్కవలెను. పని ముగిసిన పిమ్మట, ఆ బిడ్డ లేకపోయినను, తేలిన ఫలితమును ఆ యింటికి పోయి చెప్పవలెను. ఇచ్చినవారికి అది తీర్చవలసిన ఋణము.