పునాదికి ముందు నేలను ప్రశ్నింపుడు

రాయదుర్గము ప్రాంతమున బోరు వేయదలచినవారు ముందుగా అరచేతిలో కొబ్బరికాయ నిలిపి జలము చూచువారిని పిలిపింతురు. ఇల్లు కట్టదలచినవారు వాస్తు తెలిసినవారిని పిలిపింతురు. ఈ రెండు పనులను ఆక్షేపించుట మా యుద్దేశము కాదు. అయితే ఈ స్థలమున ఇంతకుముందు ఏమి జరిగినదని యడుగువారు మాకు బహు తక్కువగా కనిపించుచున్నారు. ఆ ప్రశ్నయే నేటి మా ప్రసంగమునకు విషయము.

రాయదుర్గము పాత యూరు. కొండమీద కోట, కొండక్రింద పేట. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడు బళ్లారి జిల్లానుండి విడివడి అనంతపురము జిల్లాలో చేరిన తాలూకా యిది. పట్టు మగ్గములు, తరువాతి కాలమున జీన్సు కుట్టుయంత్రములు ఈ యూరి కన్నము పెట్టినవి. మగ్గమున్నచోట అద్దకపు తొట్టి యుండును. జీన్సు ఉతికినచోట క్షారము, బ్లీచింగు కలిసిన నీరు పారును. ఇక మోటారు మరమ్మతు షెడ్లు, బ్యాటరీ దుకాణములు, పెట్రోలు బంకులు ఏ యూరనైన నున్నవే. ఊరు పెరిగినకొలది ఇట్టివి శివారునకు తరలిపోవును. ఖాళీయైన చోట మేడలు లేచును. షెడ్డు పోవును గాని, అది నేలకిచ్చిన నూనె, సీసము, ఉప్పు పోవు.

కరవు నేలయందు ఈ చిక్కు మరింత పెద్దది. అనంతపురము జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. చాలినంత వాన గల సీమలో మలినము కొంత పలుచబడును. ఇచట ఎండకు నీరావిరియై ఉప్పులు మట్టిలోనే పేరుకొనును. వచ్చిన ఒక్క గట్టివాన వానిని దిగువకు దింపును. దిగువనున్నది నల్లరాయి. అందు నీరు చెరువువలె నిలువదు, పగుళ్లవెంట పోవును. ఎవరి మోటారు ఎక్కువగా తోడిన ఆ వైపునకే లాగబడును. కనుక ఒకని పెరటి మలినము నాలుగిండ్ల కావల బోరులో తేలుట వింత కాదు. వీనికి తోడు ఎండిన బావులను చెత్తతో పూడ్చి, చదును చేసి, ప్లాట్లుగా అమ్ముట మనకు పరిపాటియైనది. మూత వేయని పాత బోరు మలినమునకు పాతాళము దాక వేసిన తిన్నని దారి.

ఈ ప్రాంతపు ఊరొకదానిలో మేమొక యింటిని చూచితిమి. గృహస్థు బుద్ధిమంతుడు. వాననీరు వృథా పోరాదని పెరటి మూల ఇంకుడుగుంట త్రవ్వించెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము కోరినదియు అట్టి పనియే. కాని ఆ మూల పూర్వము అద్దకపు తొట్టి కాలువ పారిన చోటు. రెండు వానలు పడునప్పటికి బోరునీరు రంగు తిరిగినది, వాసన పట్టినది. గుంట దోషము కాదది, గుంట త్రవ్విన చోటి దోషము. ఇంకుడుగుంటలు వలదని మేమనుట లేదు. ఈ సీమకు అవి ప్రాణాధారములు. శుభ్రమైన మట్టియందే త్రవ్వుడని మాత్రమే మా మనవి.

“క్యాను నీరు కొని త్రాగుచున్నాము గదా, బోరునీరెట్లున్న నేమి?” అని కొందరందురు. స్నానము, వంటపాత్రలు, ఆవు కుడితి, పెరటి కూర క్యాను నీటితో జరుగుచున్నవా? నేలపై ప్రాకు పసిపిల్లకు మట్టియే మొదటి ఆటవస్తువు.

ఇది మన యూరి చిక్కు మాత్రమే కాదు. అమెరికాలో నయాగరా ఫాల్సు పట్టణమున లవ్ కెనాల్ అను పాత కాలువను ఒక రసాయన సంస్థ వ్యర్థములతో నింపి, 1953లో ఒక్క డాలరునకు పాఠశాలల సంఘమున కమ్మినది. అచట బడి కట్టిరి, చుట్టును ఇండ్లు లేచినవి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబములను తరలింపవలసి వచ్చినది. హైదరాబాదు కాటేదాను పారిశ్రామికవాడ మట్టిలో సీసము, క్రోమియము మొదలగు లోహములు మితిమీరి యున్నట్లు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు చూపిరి. అట్టి పాత పారిశ్రామిక భూములను, ఔటర్ రింగు రోడ్డు లోపల 9,000 ఎకరములకు పైగా, నివాసమునకును వాణిజ్యమునకును మార్చుకొననిచ్చు విధానమును తెలంగాణ ప్రభుత్వము 2025 నవంబరులో ప్రకటించినది. హైదరాబాదులోను ఒక రాయదుర్గమున్నది. అచట ఎకరము వెల కోట్లలో పలుకును. అంత వెల గల చోట మట్టి నెత్తి శుద్ధిచేయుటకు సొమ్ము దొరకవచ్చును. మన రాయదుర్గమున ఆ సొమ్మెవరిత్తురు? అందుచేత ముందుచూపే మనకు చవుక.

కలుషిత స్థలముల గూర్చి కేంద్రప్రభుత్వము 2025 జూలైలో నియమములు వెలువరించినది. అనుమానింపదగిన స్థలముల జాబితాను స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగము ఆరునెలల కొకమారు పంపవలెను. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 దినములలో తొలిపరిశీలన జరుపవలెను. దోషము తేలినచో ఖర్చు కలుషితము చేసినవారిదే. మన పురపాలకసంఘము కౌన్సిలరును ఈ జాబితా గూర్చి యడుగుట పౌరుల పని.

కొనుటకు ముందు మట్టిని పైపొరనుండి మాత్రమే గాక, మీటరు లోతునుండియు, రాతిమీది గరుసునుండియు తీయించి పరీక్షింపుడు. చుట్టుప్రక్కల బోరునీటిని వానలకు ముందొకసారి, తరువాత నొకసారి చూపింపుడు. ఫ్లోరైడు కనిపించినంతనే ఫ్యాక్టరీని నిందింపరాదు. మన రాతిలోనే అది యున్నది. లీటరునకు ఒక మిల్లీగ్రాము లోపు నుండుట మేలు. అదే విధముగా క్రోమియమును చూచి రాతిని నిందించి ఊరకుండరాదు. లీటరునకు క్రోమియము 0.05, సీసము 0.01 మిల్లీగ్రాముల హద్దు. ఈ లోహములను ప్రత్యేకముగా పేరుపెట్టి అడుగనిదే సాధారణ నీటి పరీక్షలో చూడకపోవచ్చును.

పని మొదలైన పిమ్మట మరకపడిన మట్టిని మంచిమట్టితో కలుపనీయకుడు. టార్పాలిను క్రింద వేరుగా నుంచుడు. దానిని ప్రక్కవాని పల్లము పూడ్చుటకు ఉచితముగా నిచ్చుట ధర్మము కాదు. పునాది గుంతనుండి తోడిన నీరు పరీక్షింపక చెరువు కాలువలోనికి వదలరాదు. పాత బోరును గోనెసంచి క్రుక్కి వదలక అడుగునుండి సిమెంటుతో నింపింపుడు. మట్టి మోయు కూలీలకు చేతితొడుగులు, చేతులు కడుగుకొనుటకు వేరు నీరు మేస్త్రీ యీయవలెను. మేమెరిగినంతలో ఈ చివరి దానినే అందరు మరతురు.

ఇన్నిటికంటె చవుకయైన పరీక్ష యొకటి కలదు. ఆ వీధిలో డెబ్బది యేండ్లు దాటిన నేతవారి అవ్వ యెవరో యుందురు. తొట్టి ఏ మూల నుండెడిదో, రంగునీరు ఏ వైపు పారెడిదో, ఏ బావిని ఏ యేట పూడ్చిరో ఆమెకు జ్ఞాపకముండును. బయానా యిచ్చుటకు ముందు ఆమె యరుగుమీద ఒక పూట కూర్చుండి రండు.